కొలత నేర్పిన వైద్యుడు: యల్లాప్రగడ సుబ్బారావు

వృద్ధాప్యమున భార్యకో భర్తకో మతిమరపు వ్యాధి ప్రాప్తించిన యింట దాంపత్యధర్మమునకు కఠినమైన పరీక్ష యేర్పడును. నలువదేండ్లు కలిసి బ్రదికిన మనిషి తన బిడ్డల పేర్లను సైతము మరచునప్పుడు, తోడుగా నిలిచినవారు మొదట వంటింటి వైపును, పిమ్మట మందుల దుకాణము వైపును చూతురు. ఏ నూనె వాడవలెను? నెయ్యి మానవలెనా, పెంచవలెనా? చేపనూనె గుళికలు మంచివా? విటమిను మాత్ర లిచ్చినచో తప్పిపోయిన జ్ఞాపకము మరలి వచ్చునా? ఈ ప్రశ్నలు మహానగరములయందే కాక, కరీంనగరము, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాదు వంటి మన పట్టణములయందును నేడు వినబడుచున్నవి. పిల్లలు దూరదేశములలో ఉద్యోగములు చేయుచుండగా, పింఛనుపై జీవించు వృద్ధదంపతులలో ఒకరు రెండవవారికి వంటమనిషియు, దాదియు, సగము వైద్యుడును అగుచున్నారు.

ఆశ్చర్య మేమనగా, ఈ ప్రశ్నల మూలమును వెదకుచు పోయినచో మనము ఒక తెలుగువాని ప్రయోగశాలకు చేరుదుము. మన దేహమందలి ప్రతి కణమును, అందును ముఖ్యముగా మెదడును, నడపించు శక్తిద్రవ్యమును గుర్తించినవారిలో ఆయన యొకడు. వృద్ధులకు వ్రాసి యిచ్చు విటమిను మాత్రలలో తరచుగా కనబడు ఫోలికామ్లమును ప్రయోగశాలలో నిర్మింపజేసినవాడును ఆయనయే. ఆయన మతిమరపు వ్యాధిని పరిశోధించినవాడు కాడు. అయినను ఆయన జీవితమును చదివినవారికి, ఆ వ్యాధికి లోనైనవారికి ఏమి పెట్టవలెనో, ఏది కొలిచిన పిమ్మట పెట్టవలెనో ఆలోచించు మార్గము దొరకును. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

బాల్యము, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. కుటుంబము పెద్దది, ఆదాయము చిన్నది. బాల్యమున ఆయనకు చదువుపై కంటె ధనార్జనపై మనసు పోయెను. కాశీకి పోయి యాత్రికులకు పండ్లమ్మి సంపన్నుడు కావలెనని యిల్లు విడిచి పోగా, తల్లి వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన రెండుసార్లు తప్పెను. మూడవ ప్రయత్నమున మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణు డయ్యెను. పరీక్ష తప్పిన విద్యార్థిని చూచి పెదవి విరుచు ఉపాధ్యాయులు ఈ సంగతిని గుర్తుంచుకొనదగును.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకొను దినములలో రామకృష్ణ మఠమువారి సాంగత్యము లభించెను. సన్న్యసింపవలెనని ఆయన తలచెను. తల్లి అంగీకరింపలేదు. సేవయే కోరినచో వైద్యము నేర్చి చేయవచ్చునను మాట ఆయన మనసున నాటుకొనెను. మిత్రులును, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును చదువునకు సాయపడిరి. ఆ మూర్తిగారి కుమార్తె శేషగిరినే సుబ్బారావు పెండ్లాడెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచుండగా స్వదేశోద్యమము వచ్చెను. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోనికి ఖద్దరు వస్త్రములతో ప్రవేశించెను. శస్త్రచికిత్సాచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు అది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కలేదు. అంతకంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉన్నతికి దారి మూసికొనిపోయెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించు ఉద్యోగము ఆయనకు దొరకెను. పాశ్చాత్య వైద్యము చదివినవాడు ఆయుర్వేదము నడుమ నిలిచి, మూలికలలో గుణమిచ్చు ద్రవ్య మేది, ఎంత, ఎట్లు అని ప్రశ్నించుట అచ్చటనే అలవరచుకొనెను.

గ్రహణి మిగిల్చిన ప్రశ్న

ఈలోపల ఆ యింట పిడుగు పడెను. ఆంగ్లవైద్యులు స్ప్రూ అని పిలుచు గ్రహణివ్యాధి ఆయన సోదరు లిద్దరిని, పురుషోత్తమును కృష్ణమూర్తిని, కొద్ది దినముల యెడముతో బలిగొనెను. ఆ వ్యాధి వచ్చినవానికి తిన్న తిండి ఒంట బట్టదు. క్రొవ్వు జీర్ణము కాక విరేచనములలో పోవును. నాలుక పుండగును. రక్తము పలుచనై మనిషి పాలిపోయి క్షీణించును. అన్నము ముందరనే యుండియు ఆకలితో చచ్చునట్టి దుస్థితి అది. సుబ్బారావు సైతము ఆ వ్యాధివాత పడెను. లక్ష్మీపతిగారి చికిత్సచే ఆయన కోలుకొనెను.

తనను బ్రదికించినది ఏది, సోదరులకు కొరవడినది ఏది? ఈ ప్రశ్నయే ఆయనను సముద్రము దాటించినది. మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయమును కలిసి ప్రయాణమునకు ధన మేర్పడెను. 1920ల తొలినాళ్ళలో ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరెను. మూడు సంవత్సరములలో తిరిగి వత్తునని భార్యకు ధైర్యము చెప్పి పోయినవాడు మరల స్వదేశము చూడలేదు. ఆయన వెడలిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము నెరుగడు. శేషగిరి మాత్రము పుట్టినింట ఎదురుచూచుచునే యుండెను. శాస్త్రమునకు ఆయన చెల్లించిన మూల్యములో పెద్దపాలు ఆమెయే చెల్లించినది. ఆయన కీర్తిని చెప్పునప్పుడు ఈ లెక్కను విడిచిపెట్టుట న్యాయము కాదు.

నీలివర్ణపు కొలబద్ద

బోస్టనులో ఆయన హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశవ్యాధుల పాఠశాలలో చేరెను. చేతిలోని పైకము చాలక, ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలపాత్రలు కడుగు పనిచేసి పొట్టపోసికొనెను. 1924లో అచ్చట పట్టము పొంది, జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కే యను ఆచార్యునివద్ద చేరెను.

రక్తములోను, మూత్రములోను ఫాస్ఫరసు ఎంత యున్నదో కనుగొనుట అప్పటికి మిక్కిలి శ్రమతో కూడిన పని. ఫిస్కే, సుబ్బారావు లిద్దరును 1925లో దానికొక సులభమార్గము ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు కొన్ని రసాయనములు కలిపినచో నీలివర్ణము పుట్టును. ఫాస్ఫరసు ఎంత యెక్కువగ నున్నదో నీలము అంత చిక్కగ నుండును. వర్ణపు చిక్కదనమును కొలిచి ఫాస్ఫరసు పరిమాణమును లెక్కింపవచ్చును. ఫిస్కే-సుబ్బారావు పద్ధతియని ప్రసిద్ధమైన ఈ కొలత తరతరముల విద్యార్థులకు ప్రథమపాఠ మయ్యెను.

కొలబద్ద చేతికి వచ్చిన పిమ్మట క్రొత్త లోకము కనబడసాగెను. కండరములు ముడుచుకొనుటకు లాక్టికామ్లమే కారణమని అంతవరకు పండితుల నమ్మకము. ఆ విషయమున పరిశోధించిన హిల్, మేయర్‌హాఫ్ అనువారు నోబెలు బహుమానము కూడ పొందియుండిరి. ఫిస్కే సుబ్బారావులు 1927లో కండరమందు ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏటీపీ, అను పదార్థమును కనుగొనిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అనునతడు అదే సంవత్సరమున స్వతంత్రముగ ఏటీపీని గుర్తించెను. మనము తిన్న అన్నమైనను, నూనెయైనను చివరకు ఈ ఏటీపీ రూపమున ఖర్చునకు పనికివచ్చు నాణెముగ మారును. ధాన్యము గాదెలో ఎంత యున్నను అంగడిలో నాణెమే చెల్లును గదా. దేహమునకు ఏటీపీ అట్టి నాణెము. మెదడు బరువు మన శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళకు మించదు. కాని శరీరము వెచ్చించు శక్తిలో నూటికి ఇరువది పాళ్ళు దానికే కావలెను. కావుననే శక్తి తగ్గినపుడు మొదట తడబడునది మెదడే.

1930లో సుబ్బారావునకు హార్వర్డులో డాక్టరు పట్టము వచ్చెను. అటుపిమ్మట పదియేండ్లు అచ్చటనే ఉండి కాలేయసారములోని విటమినులను వెదకెను. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము ఆయనకు దక్కలేదు.

ఫోలికామ్లము కథ

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి పెరల్ రివరు గ్రామమున నున్న లెడర్లీ ప్రయోగశాలలో చేరెను. రెండేండ్లలో పరిశోధనశాఖకు అధ్యక్షు డయ్యెను. సోదరుల మరణము మిగిల్చిన ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఆయనకు ఇప్పుడు రసాయనవేత్తల బృందమును, యంత్రసామగ్రియు లభించెను.

ఆ సమాధానపు మొదటి తునక మన దేశముననే దొరకియుండెను. లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, నూలుమిల్లులలో పనిచేయు పేద గర్భిణులను పీడించు రక్తహీనతను పరిశీలించెను. ఈస్టునుండి తీసిన సారమిచ్చినచో వారి రక్తము మరల వృద్ధియగుచుండెను. ఆ గుణకారి యేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికా పండితులు పాలకూరనుండి అట్టి పదార్థమును వేరుచేసి, ఆకును సూచించు లాటిను పదమునుండి దానికి ఫోలికామ్లమని పేరిడిరి. ఎంత పాలకూర దంచినను లభించునది లేశమాత్రము. దానిని కృత్రిమముగ నిర్మించినగాని రోగులకు చాలదు. సుబ్బారావు బృందము 1945లో ఆ పని సాధించెను. టామ్ స్పైస్ మొదలగు వైద్యులు క్యూబా మున్నగు దేశములలో స్ప్రూ రోగులకు దానినిచ్చి చూచిరి. నాలుక పుండ్లు మానెను. ఆకలి పుట్టెను. రక్తము పెరిగెను.

పురుషోత్తము, కృష్ణమూర్తి మరణించిన పాతికేండ్లకు వారి రోగమునకు మందు వచ్చినది. ఇంకొక విశేషము కలదు. సుబ్బారావు పర్యవేక్షణలోని ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టినుండి ఆరియోమైసిను కనుగొనెను. 1948లో వెలువడిన ఆ మందు టెట్రాసైక్లినుల కుటుంబములో మొదటిది. ఉష్ణదేశపు స్ప్రూకు నేటికిని వైద్యులిచ్చునది టెట్రాసైక్లినును, ఫోలికామ్లమును కలిపియే. ఒక వ్యాధికి కావలసిన రెండు మందులును ఒకే యింటినుండి వెలువడుట అరుదు.

ఆ ప్రయోగశాలనుండియే 1947లో హెట్రజాను, అనగా డీఈసీ, అను బోదకాలు మందును వచ్చినది. కరీంనగరము జిల్లా ప్రజలకు దీనిని వేరుగ పరిచయము చేయనక్కరలేదు. బోదకాలు నిర్మూలన కార్యక్రమములో ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికి తిరిగి మ్రింగించిన మాత్ర అదియే.

మేలుచేయునదే కీడుచేయునప్పుడు

ఈ విజయములకంటె బోధకమైన భాగ మొకటి ఈ చరిత్రలో కలదు. అది ఫోలికామ్లపు రెండవ ముఖము.

బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు క్యాన్సరుతో చనిపోవుచున్న పసిపిల్లలకు ఫోలికామ్లపు జాతి ద్రవ్యముల నిచ్చి చూచెను. వ్యాధి తగ్గలేదు సరికదా, వేగము పుంజుకొన్నట్లు కనబడెను. అది గమనించి ఫార్బరు ఆలోచనను తలక్రిందు చేసెను. ఫోలికామ్లము రోగమునకు మేత యగుచున్నచో, దానికి విరోధియగు పదార్థము మందు కావలెను గదా! సుబ్బారావు బృందము అట్టి విరోధిద్రవ్యములను తయారుచేసి పంపెను. అమినోప్టెరిను అను మందుచే కొందరు బిడ్డలకు కొంతకాలము వ్యాధి నెమ్మదించెనని 1948లో ఫార్బరు ప్రకటించెను. క్యాన్సరునకు మందులతో చికిత్స చేయు యుగమునకు అది ఆరంభములలో నొకటి. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

రెండవ పాఠము మన విషయమునకు మరింత దగ్గర. పెర్నీషియస్ అనీమియా అను రక్తహీనతలో రక్తముతోపాటు నరములును, మెదడును చెడును. ఫోలికామ్లము వచ్చిన క్రొత్తలో ఈ రోగులకును ఇచ్చిరి. రక్తము ఎర్రబడెను. అందరును సంతోషించిరి. కాని కొలదికాలములోనే కొందరికి కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తప్పి, మతి చెడసాగెను. వారికి నిజముగ కొరవడినది వేరొక విటమిను. 1948 ఏప్రిలులో దానిని వేరుచేసి బి12 అని పేరిడిరి. ఫోలికామ్లము రక్తమును బాగుచేసి రోగము మానినట్లు భ్రమ కల్పించుచుండగా, లోపల నరములు కాలిపోవుచునే యుండెను. పైకప్పు చిల్లి మూసి గోడ పునాదిని వరదకు విడిచినట్లయినది.

1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి, సుబ్బారావు పెరల్ రివరులో మరణించెను. వయస్సు ఏబది మూడు. నోబెలు బహుమానము రాలేదు. స్వదేశమున చాలకాల మాయన పేరు పాఠ్యపుస్తకములలో సైతము లేదు. శతజయంతి సంవత్సరమగు 1995లో భారతప్రభుత్వము ఆయన స్మారకముగ తపాలాబిళ్ళను వెలువరించెను. ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టిరి.

నేటి యింటికి ఆ జీవితము చెప్పునది

తిండి లోపించుటచే మతి చెడుట మన ప్రాంతమునకు క్రొత్త సంగతి కాదు. శ్రీరామసాగరపు కాలువలు రాకమునుపు కరీంనగరమునందును, ఆదిలాబాదు గోండు, కోలాము పల్లెలయందును జొన్నయే ముఖ్యాహారము. జొన్నరొట్టె, జొన్నగటక బలమైన తిండియే. కాని పప్పు, పాలు, మాంసము లేక జొన్న నొక్కదానినే తిన్న పేదలలో పెల్లగ్రా యను వ్యాధి దక్కను పీఠభూమియందు కనబడుచుండెను. ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పగులును, విరేచనములు పట్టును, చివరకు మతి భ్రమించును. నికోటినికామ్లమను విటమిను ఇచ్చినచో ఆ మతిభ్రంశము కొలది దినములలోనే తొలగును. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు తరలివచ్చిన పోషణపరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంఠియా అను శాస్త్రజ్ఞులు జొన్నలోని ల్యూసిను అను పదార్థమునకును ఈ వ్యాధికిని గల సంబంధమును గూర్చి 1960లో ప్రకటించిరి. ఆ వాదముపై పిమ్మట చర్చలు జరిగినవి. ఆహారలోపమున మతి పోవుననుటయు, లోపము తీర్చిన మరలి వచ్చుననుటయు మాత్రము నిర్వివాదము.

ఇట్టి ఫలితములను చూచియే విటమినులపై అంతులేని ఆశ పుట్టినది. లోపమున్నచోట విటమిను అమృతము. లోపము లేనిచోట? ఇదియే సుబ్బారావు కొలబద్ద అడుగు ప్రశ్న.

మరచిపోవుచున్న భార్యను వైద్యుని వద్దకు కొనిపోయిన భర్త మొదట అడుగవలసినది మాత్ర కాదు, పరీక్ష. రక్తములో బి12 ఎంత? ఫోలేటు ఎంత? థైరాయిడు సరిగా నున్నదా? బి12 మొక్కలలో దొరకదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలోనే లభించును. కేవల శాకాహారులకు అది తగ్గును. వయస్సు మీరినకొలది జీర్ణాశయము దానిని గ్రహించు శక్తి కోల్పోవును. మధుమేహమునకు ఏండ్ల తరబడి మెట్‌ఫార్మిను మ్రింగువారికిని, కడుపుమంటకు నిత్యము మాత్రలు వేసికొనువారికిని లోప మేర్పడవచ్చును. ఈ లోపమువలన కలిగిన మతిమరపును సకాలమున గుర్తించినచో చాలవరకు సరిదిద్దవచ్చును. ఆలస్యమైనచో నరముల నష్టము నిలిచిపోవును. పరీక్షింపక ఫోలికామ్లము మాత్రమే ఇచ్చుచు కూర్చుండుట ఎంత ప్రమాదమో 1940లనాటి అనుభవము చెప్పుచునే యున్నది.

ఆల్జీమరు వ్యాధివంటి కారణములచే వచ్చిన మతిమరపు వేరు. అక్కడ విటమిను లోపము లేనివారికి బి విటమినులను హెచ్చు మోతాదులో ఇచ్చి అమెరికాలో చేసిన పరీక్షలో వ్యాధి మందగింపలేదని 2008లో ప్రకటించిరి. 2010లో ఆక్స్‌ఫర్డు పండితులు, తొలిదశ మతిమరపు గలవారిలో హోమోసిస్టీను అను ద్రవ్యము రక్తమున హెచ్చుగ నున్నవారికి ఈ విటమినులచే మెదడు కుంచించుకొనిపోవు వేగము తగ్గినదని చూపిరి. రక్తమున ఒమేగా-3 క్రొవ్వు తగినంత యున్నవారికే ఆ మేలు కనబడినదని 2015లో మరల తేల్చిరి. ఈ ఫలితములను కలిపి చూచినచో అర్థమగున దొక్కటే: ఎవరికి లోపమున్నదో కొలిచి, వారికే, తగినంతయే.

నూనెల విషయమును ఇట్టిదే. కొబ్బరినూనెపై పుట్టిన ఆశకు మూలము శాస్త్రమే. ఆల్జీమరు వ్యాధిలో మెదడు చక్కెరను సరిగ వాడుకొనలేదు. కొన్ని రకముల క్రొవ్వులు కాలేయములో కీటోనులుగ మారును. మెదడు వానినుండి ఏటీపీని తయారుచేసికొనగలదు. అమెరికాలో ఒక వైద్యురాలు 2008లో తన భర్తకు కొబ్బరినూనె పెట్టి కొంత మేలు కనుగొంటినని ప్రచురింపగా, లోకమంతట భార్యలును భర్తలును అదే ప్రయత్నము చేసిరి. ఆమె ఆర్తి నిజమైనది. కాని కొబ్బరినూనెలో ముఖ్యభాగమైన లారికామ్లమునుండి కీటోనులు అంతగా పుట్టవు. కొబ్బరినూనె రక్తములో హానికరమగు కొలెస్టరాలును పెంచును. వ్యాధిని ఆపునని గట్టి పరీక్షలేవియు నిరూపింపలేదు. చేపనూనెలోని డీహెచ్ఏ యను క్రొవ్వును పదునెనిమిది మాసములు ఇచ్చి చూచిన పరీక్షలోను వ్యాధి మందగింపలేదని 2010లో తేలినది. గుళికలుగ మ్రింగుట వేరు, జీవితమంతయు మితముగ చేపలు, కూరగాయలు, గింజలు తినుచు రక్తపోటును అదుపులో నుంచుకొనుట వేరు. రెండవది గుండెకు మేలు. గుండెకు మేలైనది సాధారణముగ మెదడునకును మేలు.

ఇందుకు మన వంటింటిలో కొరత లేదు. మన పల్లెలలో నువ్వులు, పల్లీలు, కుసుమలు అనాదిగ నున్నవి. అవిసెగింజల పొడి అన్నములో కలుపుకొను అలవాటు ఉన్నది. దానిలోని ఒమేగా-3లో కొద్దిభాగమే డీహెచ్ఏగ మారినను, ఆహారముగ మంచిదే. గోదావరి, మానేరు చేపలు ఉన్నవి. ఆదిలాబాదు అడవులలో గిరిజనులు ఇప్పగింజలనుండి నూనె తీసి వండుకొనుట పెద్దలెరుగుదురు. ఒకే నూనెను పట్టుకొని ప్రాణదాతగ పూజింపక, మార్చి మార్చి మితముగ వాడుట మేలు.

వ్యాధి ముదిరినవారి విషయమున లెక్క మారును. వారు తినుటయే మరతురు, బరువు తగ్గుదురు, మ్రింగుట కష్టమగును. అప్పుడు మెత్తగ కలిపిన పెరుగన్నములో చెంచాడు నెయ్యి వేసి కొంచెము కొంచెముగ తినిపించుట, కూర్చుండబెట్టియే తినిపించుట, నోటిలోని ముద్ద దిగిన పిమ్మటనే రెండవ ముద్ద పెట్టుట ఏ గుళికకంటెను విలువైన చికిత్సలు. రక్తము పలుచన చేయు మందులు వాడువారికి చేపనూనె గుళికల నైనను వైద్యు నడుగక ఇయ్యరాదు. ఇంటిలోని ప్రతి మాత్ర పేరును ఒక కాగితముపై వ్రాసి వైద్యునికి చూపుట మరువరాదు. రోగికి తోడున్నవారును వేళకు తిని, నిద్రించి, ఇతరుల సాయము కోరవలెను. తోడు కూలినచో రోగి నిలువడు.

ప్రభుత్వ పాఠశాలలలో వారమునకొకసారి విద్యార్థులకు ఇనుము, ఫోలికామ్లము కలిసిన నీలపు మాత్ర ఇచ్చుచున్నారు. దానిలో ఫోలికామ్లము కొలత అరమిల్లీగ్రాము మాత్రమే. ఆ మాత్రను చేతికందించు ఉపాధ్యాయుడు దానితోపాటు ఒక కథయు చెప్పవచ్చును. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పిన భీమవరపు బాలుడు, సోదరులను మ్రింగిన వ్యాధికి మందు వెదకుచు సముద్రము దాటి, నమ్ముటకు ముందు కొలువవలెనని లోకమునకు నేర్పిన కథ. ఆ పిల్లలలో ఎవరి యింటనో తాతగారు నాయనమ్మకు ముద్దలు కలిపి తినిపించుచుండవచ్చును. ఆ బిడ్డ ఇంటికి పోయి, నాయనమ్మకు బి12 పరీక్ష చేయించితిమా అని అడిగినచో, సుబ్బారావు చరిత్ర చెప్పిన ఫలము ఆ పూటనే దక్కును.